మౌసు కింద చపాతీ పీట

నేను ఒక చపాతీ పీటని. ఈ మాట ఇంట్లో ఒప్పుకునేది శేషుకుమారి ఒక్కతే. ఆమె భర్త రాఘవులు నన్ను మౌసు చెక్క అంటాడు. కూతురు దివిజ నాకు ఏ పేరూ పెట్టలేదు, "అది ఇటివ్వమ్మా" అంటుంది. నేను ఎవరి సొత్తునన్న విషయం మీద ఈ ఇంట్లో వారానికి రెండుసార్లైనా గొడవ అవుతుంది.

మొన్న దసరా వెళ్ళాక జరిగిన గొడవ చెబుతాను. సాయంత్రం ఆరున్నర. రాఘవులు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పక్కన ప్లాస్టిక్ స్టూలు, దాని మీద నేను, నా మీద మౌసు, మౌసు మీద ఆయన చెయ్యి. శేషుకుమారి అప్పడాల కర్ర పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, పీట."

"ఒక్క నిమిషం కుమారీ. ఆటలో తాళంచెవి దొరికేట్టుంది."

"పిండి తడిపి అరగంటైంది. ఆ తాళంచెవి పోయిన మంగళవారం నుంచీ దొరికేట్టే ఉంది."

"ఇవాళ్టికి స్టీలు కంచం బోర్లించుకుని చెయ్యరాదూ?"

"మీరే కంచం బోర్లించుకుని ఆడుకోండి."

"కంచం మీద మౌసు నడవదు."

"చపాతీ కూడా నడవదు."

చివరికి ఆమే కంచం బోర్లించుకుంది. ఆ రోజు చపాతీలు కంచానికి అతుక్కుని, లాగితే ఒక్కోటీ ఒక్కో ఆకారానికి వచ్చాయి. అన్నిటికన్నా వంకరగా వచ్చినదాన్ని ఆయన కంచంలో వేసి, "ఇదిగో మీ దీవి మ్యాపు, సంచిలో దాచుకోండి, ఎప్పుడో పనికొస్తుంది" అంది. ఆయన నవ్వి తినేశాడు. ఆ నవ్వు ఎంత బలవంతపుదో ఇంట్లో మనుషులకి తెలియలేదు. నాకు తెలుసు. అంతకు ఐదు నిమిషాల ముందు ఆ చెయ్యి నా మీద అంగుళం వదలకుండా వెతికి ఖాళీగా ఆగింది.

మొదట్నుంచీ చెప్పాలి. నేను మచిలీపట్నంలోనే పుట్టాను. ఎవరిదో ద్వారబంధం చెయ్యగా మిగిలిన టేకు ముక్కని మేస్త్రి గుండ్రంగా కోసి, మూడు కాళ్ళు తగిలించాడు. ఒక కాలు కొంచెం పొట్టిగా పోయింది. సరిచేద్దామనుకుంటూనే అమ్మేశాడు. నన్ను కొన్నది బట్టల వ్యాపారానికి ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఇల్లాలు నా మీద రోజుకి నలభై రొట్టెలు చేసేది. కుంటికాలి కింద కాగితం మడత పెట్టి, ఆ సంగతే మర్చిపోయేది. వాళ్ళు ఊరు మారుతూ సామాను పంచిపెట్టినప్పుడు నేను వెనక వీధిలో ఉండే మాణిక్యమ్మ దగ్గరికి వచ్చాను.

మాణిక్యమ్మ రాఘవులు తల్లి. అప్పుడే ఆవిడకి షుగరొచ్చింది. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమని డాక్టరు చెప్పాడు. వరి పండే ఊళ్ళో చపాతీ అంటే చాలా ఇళ్ళల్లో భోజనం కాదు, మందు. ఆవిడ నన్ను మందు సీసాని చూసినట్టే చూసేది. మందంగా రెండు ఒత్తుకుని, గోడవైపు తిరిగి తినేసి, ఆఖర్న ఎవరూ చూడకుండా గుప్పెడు పెరుగన్నం తినేది. మనుషులు మందు వేసుకుంటారు, పథ్యం మాత్రం వాళ్ళ వల్ల కాదు. ఈ ఇంటివాళ్ళకి ఆ అలవాటు మాణిక్యమ్మతో పోలేదని తర్వాత తెలిసింది.

ఆవిడ పోయాక నేను కోడలి చేతికి వచ్చాను. శేషుకుమారి డిగ్రీ చదివిన మనిషి. పనిలో గట్టిది. చపాతీ అంచు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటే మళ్ళీ ముద్ద చేస్తుంది. నా కుంటికాలికి రబ్బరు బిళ్ళ కొట్టించింది ఆమే. అప్పట్నుంచి నేను ఊగలేదు.

కంప్యూటరు దివిజ తెచ్చింది. విజయవాడలో ఇంజనీరింగు చదువుతూ, మూసేస్తున్న ఏదో నెట్ సెంటర్ వాళ్ళ దగ్గర కొని సెలవులకి ఇంటికి పట్టుకొచ్చింది. పాత కుట్టుమిషను బల్ల మీద పెట్టారు. బల్ల మీద మౌసుకి చోటు లేదు. పక్కన టీపాయ్ వేస్తే, దాని అద్దం మీద బాణం గుర్తు పిచ్చిగా గెంతింది. న్యూస్‌పేపరు వేసి చూశారు, క్యాలెండరు వేసి చూశారు. చివరికి దివిజ వంటింట్లోకి వెళ్ళి నన్ను తెచ్చి స్టూలు మీద పెట్టింది. నా మీద బాణం బుద్ధిగా నడిచింది. నా బతుకు అలా రెండు ముక్కలైంది.

దివిజ ఆడేవి పరుగులూ తుపాకులూ ఉన్న ఆటలు కావు. పెద్ద కంపెనీలు చేసినవీ కావు. ఎక్కడో ఒకళ్ళో ఇద్దరో కూర్చుని, బొమ్మలు గీసుకుని, కథ రాసుకుని చేసినవి. తెర మీద ఒక గది ఉంటుంది, లేకపోతే ఒక వీధి. ఏదైనా వస్తువు మీదికి బాణం తీసుకెళితే కింద మధ్యలో దాని పేరు పడుతుంది. నొక్కితే ఆటలో మనిషి దాన్ని చూస్తాడు, తీసుకుని సంచిలో వేసుకుంటాడు, ఎదుటివాళ్ళకి ఇస్తాడు. అలా కథ ముందుకు పోతుంది.

ఒకరోజు రాఘవులు వెనక నిలబడి చూస్తూ, ఇందులో ఎవర్ని కాల్చాలని అడిగాడు. ఎవర్నీ కాల్చక్కర్లేదు, వెతకాలి, మాట్లాడాలి, ఆలోచించాలి, ఎంతసేపు ఆలోచించినా ఎవరూ ఏమీ అనరు అని దివిజ చెప్పింది. ఆయనకి ఆ చివరి మాట నచ్చింది. ఆయన బైపాస్ రోడ్డు పక్కనున్న ఒక ప్రైవేటు స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది, మళ్ళీ మూడున్నర నుంచి అయిదు దాకా వెనక నుంచి హారన్లు, లోపల నలభై మంది పిల్లల గోల. ఆగి ఆలోచించుకోనిచ్చే చోటు ఆయనకి అదొక్కటే దొరికింది. ఇంగ్లీషు పదో తరగతి వరకే వచ్చినా, పేర్లు కూడబలుక్కుని చదివేవాడు. పొడుగు మాటలొస్తే దివిజకి ఫోన్ చేసి ఒక్కొక్క అక్షరం చెబితే ఆమె హాస్టల్లోంచి అర్థం చెప్పేది. అలా మూతపడ్డ సినిమా హాలు కథ ఒకటి, మంచు కురిసే ఊరి కథ ఒకటి పూర్తిచేశాడు. ఆ మంచు కథ అయిపోయిన రోజు భోజనం దగ్గర అసలేం మాట్లాడలేదు. శేషుకుమారి జ్వరమేమోనని నుదురు తాకి చూసింది.

మొదట్లో ఆయన ప్రతి గదిలోనూ ఇరుక్కుపోయేవాడు. అప్పుడు దివిజ ఒక కిటుకు నేర్పింది. బాణాన్ని ఎడమ పైమూల నుంచి మొదలుపెట్టి అడ్డంగా లాగు, ఒక చాలు అయ్యాక కిందికి దించి ఇంకో చాలు, పొలం దున్నినట్టు, కింద పేరు పడిన చోటల్లా ఏదో ఉన్నట్టు. ఈ ఆటలు ఆడేవాళ్ళందరూ చేసేదే అది. ఆయన చెయ్యి ఇట్టే పట్టుకుంది. ఆ తర్వాత ఆయన దేనికీ ఆగలేదు. "మా నాన్న ఒక్క సాయం అడక్కుండా ఆడేస్తాడు" అని దివిజ స్నేహితులకి గొప్పగా చెప్పుకుంది.

నాకు తెలిసిన సంగతి ఇక్కడ మొదలవుతుంది. మౌసు ఎటు వెళ్ళినా నా ఒంటి మీదే వెళ్ళాలి. మొదటి ఏడాది ఆ చెయ్యి ఒక చోటికి సూటిగా వెళ్ళేది. కన్ను చూసేది, చెయ్యి వెళ్ళేది. రెండో ఏడాది సూటిగా వెళ్ళడం మానేసింది. ఆట మొదలుపెట్టగానే దున్నడమే. తెర మీద పెద్ద పడవ ఉన్నా, తలుపున్నా, పైనుంచి కింది దాకా చాళ్ళు తీస్తూ వచ్చి దాని మీద ఆగేది. ఆయన చూసేది బొమ్మని కాదు. కింద మధ్యలో పేరు పడే చోటుని. బొమ్మ అంచులు ఆయనకి లేవు.

ఇంకో సంగతి. మూణ్ణెల్లకోసారి ఆయన కుర్చీ జానెడు వెనక్కి జరిగేది, కుర్చీతోబాటు స్టూలూ నేనూ. దూరం నుంచి చూస్తే తెర చిన్నదై, ఆయనకి మిగిలిన చూపులో ఇముడుతుంది. వెన్నునొప్పి అని చెప్పేవాడు. శేషుకుమారి కుర్చీలో దిండు వేసింది.

రెండేళ్ళ కిందట స్కూలు దగ్గర కంటి శిబిరం పెడితే ఆయన చూపించుకున్నాడు. కంటిలో ఒత్తిడి ఎక్కువగా ఉందని, నరం ఎండిపోతోందని, పక్కల నుంచి చూపు తగ్గుతూ వస్తుందని, పోయిన చూపు రాదుగానీ ఉన్నదాన్ని కాపాడుకోవచ్చని, చుక్కలు జీవితాంతం మానకూడదని చెప్పారట. ఇవన్నీ ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఎవరితోనో ఫోన్లో చెబుతుంటే విన్నాను. వారం పది రోజులు వేసుకున్నాడు. మంట తప్ప తేడా కనపడలేదు. మానేశాడు. ఎదుటి మనిషి మొహం కనపడుతోంది, రోడ్డు మధ్య గీత కనపడుతోంది, సూదిలో దారం ఎక్కించగలడు. ఇంకేం కావాలనుకున్నాడు.

కానీ లోపల భయం ఉంది. ఉంది కాబట్టే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ఆటలో కొత్త గది రాగానే పెదాల్లోనే లెక్కపెట్టేవాడు. ఒకటి, రెండు, మూడు. వంద లోపల గదిలో వస్తువులన్నీ దొరికితే మౌసు వదిలేసి, "రేపటికి ఇబ్బంది లేదు" అనుకునేవాడు. రేపటికి అంటే బస్సుకి. నలభై మంది పిల్లల ప్రాణాల మీద ఆయన రోజూ సాయంత్రం తనకి తనే పరీక్ష పెట్టుకుని, తనే పాసు చేసుకునేవాడు. పాసవుతున్నది చెయ్యి. కళ్ళు అనుకున్నాడు. ఆ తేడా ఈ ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే, నాకేమో నోరు లేదు. స్కూలు గేటు స్తంభానికి బస్సు ఎడమ అద్దం మూడుసార్లు తగిలి పగిలింది. గేటు ఇరుకని అందరూ ఒప్పుకున్నారు.

దసరా తర్వాత మొదలుపెట్టినది ఒక దీవిలో టపాఫీసు కథ. ఆఫీసు మూసేస్తున్నారు. పడవ వచ్చేలోగా ముసలి పోస్ట్‌మాస్టరు పంచకుండా మిగిలిపోయిన పదకొండు ఉత్తరాలు వాటి మనుషులకి చేర్చాలి. రాఘవులు ఎనిమిది చేర్చాడు. తొమ్మిదోదాని దగ్గర దీవిలో కరెంటు పోతుంది. పోస్ట్‌మాస్టరు ఒక్కడే, పోయిన తాళంచెవి వెతుక్కుంటూ రేవులో నిలబడతాడు. ఆ బొమ్మ గీసినవాళ్ళు ఆ ఒక్కచోట పేర్లు తీసేశారు. బాణం ఎక్కడికి పోయినా కింద ఏమీ పడదు. కళ్ళతో చూసి తెలుసుకోవాలంతే.

చెయ్యి దున్నింది. ఏమీ పడలేదు. మళ్ళీ దున్నింది. నొక్కుకుంటూ వెళితే నొక్కిన చోటికల్లా పోస్ట్‌మాస్టరు నడిచిపోతున్నాడు, బొమ్మ పక్కకి జరిగిపోతోంది, చాళ్ళు కలిసిపోతున్నాయి. వంద అయిపోయింది, రెండొందలైంది. ఆ చెయ్యి చెమట పట్టి నా ఒంటిమీద మచ్చ పడింది. "ఈ బొమ్మ గీసినవాడు పిసినారి, రంగులు దాచేసుకున్నాడు" అని శేషుకుమారితో అన్నాడు. మర్నాడు బస్సు తీశాడు. ఆ తర్వాతి రోజూ తీశాడు. పరీక్ష తప్పిన పదకొండు రోజుల్లో ఆదివారం తప్ప రోజూ తీశాడు.

పన్నెండో రోజు శనివారం. దివిజ సెమిస్టరు పరీక్షలు రాసి మధ్యాహ్నం ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పుతూనే తెర వైపు చూసి నవ్వింది.

"ఇక్కడే ఉన్నావా నాన్నా ఇంకా? లాంతరు తీసుకోవచ్చుగా."

"ఏ లాంతరు?"

"అదిగో. ఎడమ పక్క. వెలుగుతోంది."

ఆయన తల మొత్తం ఎడమవైపు తిప్పాడు, పిట్ట తిప్పినట్టు. కాసేపటికి దొరికింది. "ఆ, ఇదా" అన్నాడు. "ఇప్పుడే వెలిగినట్టుందే."

దివిజ నవ్వు ఆగిపోయింది. మౌసు తను తీసుకుంది. బాణాన్ని కుడి పైమూలకి తీసుకెళ్ళి, "ఇప్పుడెక్కడుంది?" అంది. దాచేశావు అన్నాడు. కింది మూలకి తెచ్చింది. దాచేశావు అన్నాడు. ఇంకో మూల.

"నేను దాచలేదు నాన్నా."

ఆయన లేచి నిలబడ్డాడు. ఇంటికొచ్చిన పిల్ల తండ్రికి పరీక్షలు పెడుతుందా అని కోప్పడ్డాడు. చొక్కా వేసుకుని, బస్సు కడగాలని వెళ్ళిపోయాడు. దివిజ చెయ్యి నా మీదే ఉండిపోయింది. చల్లగా ఉంది.

వంటింటి గుమ్మంలో శేషుకుమారి ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. ఆ సాయంత్రం ఆయన తిరిగి వచ్చి టీ అడిగితే, గ్లాసు ఆయన మోచేతికి ఎడమ పక్కన పెట్టింది. ఆయన చెయ్యి తగిలి ఒలికింది. ఎప్పుడూ ఒలకబోస్తారని, చేతులు ఉన్నాయా లేవా అని రెండేళ్ళుగా సణిగిన మనిషి, ఆ రోజు గుడ్డ తెచ్చి తుడిచి, లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత దివిజ వంటింట్లో ఏడుస్తూ, దున్నమని నేర్పింది తనేనని, అది నేర్పకపోతే రెండేళ్ళ కిందటే బయటపడేదని చెప్పడం వినపడింది.

ఆదివారం పొద్దున ఆయన కోడికూరకని బజారుకి వెళ్ళాడు. శేషుకుమారి హాల్లో బీరువా తెరిచి, బట్టల మడతలన్నీ వెతికి, వాటి కింద ఆయన దాచిన శిబిరం చీటీ, గడువు దాటిన మందు సీసా తీసింది. సీసా ఊపి చూసింది. ముప్పావు వంతు ఉంది. చీటీ రెండుసార్లు చదివింది. ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, చాలాసేపు మాట్లాడింది. తిరిగి వచ్చి అల్లం వెల్లుల్లి నూరుకుంది.

మధ్యాహ్నం ముగ్గురూ హాల్లో చాప మీద కూర్చున్నారు. రాఘవులు హుషారుగా ఉండాలని చూస్తున్నాడు. కోడి ముదురని కొట్టువాడిని తిట్టాడు. రెండో ముద్ద కలుపుతూ అన్నాడు.

"ఆ ఆట తీసెయ్ అమ్మలూ. కళ్ళు లాగుతున్నాయి. ఇక ఆడను. బస్సుకి కళ్ళు కావాలి కదా."

నా మీద ఎన్నో చేతులు పనిచేశాయి, ఈ ఇంట్లో ఎన్నో మాటలు విన్నాను. ఇంతగా భయపెట్టిన మాట ఇంకోటి లేదు. పరీక్ష తప్పుతున్నాడు కాబట్టి పరీక్షనే తీసేస్తున్నాడు. దివిజ తల్లి వైపు చూసింది.

"ఆట ఉంటుంది," అంది శేషుకుమారి. గొంతు పెంచలేదు. "బస్సే ఉండదు. బస్సుల ఇంచార్జి గారికి పొద్దున ఫోన్ చేశాను. మీ చీటీ చదివి వినిపించాను. రేపట్నుంచి ఇంకో డ్రైవరు వస్తాడు. తాళాలు నేను తీసుకెళ్ళి ఇచ్చొస్తాను."

ఆయన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"నన్ను అడక్కుండానే."

"అడిగితే ఇంకొక్క రోజు అంటారు."

"మరి ఏం తింటాం కుమారీ?"

"తెలీదండీ," అంది. ఎల్లుండి విజయవాడ కంటి ఆసుపత్రికి దివిజ తీసుకెళ్తుందని చెప్పింది. పోయిన చూపు రాదట కదా అని ఆయన అడిగాడు. రాదని ఆమె చెప్పింది. ఉన్నదైనా నిలుస్తుందా అని అడిగాడు. దానికి చీటీలో ఏమీ రాయలేదు.

తర్వాత ఆయన, ఎదురుగా ఉన్న గోడని చూస్తూ, బస్సు సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. రెండో గేరు గట్టిగా పడుతుందని. వెనక తలుపు గడియ లోపల్నుంచి వెయ్యాలని.

"పంటకాలవ మలుపు దగ్గర ఎడమ పక్క గట్టు తెగి ఉంది. అది కొత్తాయనకి మరీ మరీ చెప్పు."

"నీకు కనపడుతోందా నాన్నా ఆ గట్టు?" అంది దివిజ.

"లేదు."

"ఎప్పట్నుంచి?"

"వేసవి సెలవులైన దగ్గర్నుంచీ."

శేషుకుమారి చేతిలో గరిటె గిన్నెలోకి జారిపోయింది. ఆమె తియ్యలేదు.

"మరి ఎలా తిప్పుతున్నారు?"

ఆయన కంచంలో మెతుకులు వేలితో పక్కకి తోస్తూ చెప్పాడు. "పిల్లలకి ఒక ఆట నేర్పాను. మలుపు రాగానే గట్టు ఎవరికి ముందు కనపడితే వాళ్ళు కుడి, కుడి అని అరవాలి. ముందు అరిచినవాళ్ళు గెలిచినట్టు. అందరూ కిటికీల్లోంచి చూసి అరుస్తారు. నేను వాళ్ళ అరుపుని బట్టి తిప్పుతాను."

దివిజ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆయన కంచంలో ముద్ద ఎండిపోతోంది. ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు కోసం వెతికాడు, దొరక్క, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వాళ్ళకి చెప్పించు కుమారీ," అన్నాడు. "రేపట్నుంచి ఆ ఆట లేదని."